నులిపురుగుకు స్పర్శ ఎలా తెలుస్తుంది?

పిల్లలూ! నులిపురుగు అనగానే మీకు కడుపునొప్పీ, బడిలో మింగించే మాత్రా జ్ఞాపకం వస్తాయి. మీ అమ్మమ్మకు ఏలికపాములు జ్ఞాపకం వస్తాయి. మన కోస్తా జిల్లాలలో కాలవల పక్కన పెరిగిన పెద్దలకు బోదకాలు జ్ఞాపకం వస్తుంది. కూరగాయలు పండించే రైతుకు వంగమొక్క వేళ్ళమీద లేచే ముడులు జ్ఞాపకం వస్తాయి. చూడబోతే ఇవన్నీ ఒకే కుదురుకు చెందిన పురుగులు చేసే పనులే. వానపాముకు ఒంటినిండా ఉంగరాలవంటి కట్లు ఉంటాయి గదా, వీటికి అవి ఉండవు. ఒళ్ళు నున్నగా, గుండ్రంగా, రెండు కొసలూ సన్నగా ఉంటాయి. అంచేత వీటిని గుండ్రటి పురుగులు అంటారు.

ఈ కుదురులోనే ఎవరి జోలికీ పోని బుల్లి పురుగు ఒకటి ఉన్నది. కుళ్ళిన పళ్ళమీదా, చివికిన ఆకులమీదా పెరిగే బాక్టీరియాను తిని బతుకుతుంది. దాని పూర్తి పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. నోరు తిరగనివారు ఎలిగాన్స్ అంటే చాలు. ఆ మాటకు సొగసైనది అని అర్థం. పొడవు ఒక్క మిల్లీమీటరు. ఒళ్ళంతా గాజులాగా పారదర్శకం. సూక్ష్మదర్శిని కింద పెడితే లోపలి కణాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. గుడ్డులోంచి వచ్చి పెద్దదై మళ్ళీ గుడ్లు పెట్టటానికి దానికి మూడు, నాలుగు రోజులు చాలు. బతికేది రెండు మూడు వారాలు. ప్రయోగశాలలలో పెంచే ఎలిగాన్స్ వంశానికి మూలపురుషుడు ఇంగ్లండులో బ్రిస్టల్ పట్టణం దగ్గర పుట్టగొడుగులు పెంచే ఎరువులో దొరికాడు. దీని జ్ఞాతి బ్రిగ్సే అనే పురుగు కూడా ప్రయోగశాలలకు ఎక్కింది. దాని వంశాలలో పేరుపడినది మన దేశంలోనే, అహమ్మదాబాదులో దొరికింది!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎలిగాన్స్‌కు కళ్ళు లేవు, చెవులు లేవు. కాని తాకితే తెలుస్తుంది. ఎంత మెల్లగా తాకితే? శాస్త్రజ్ఞులు దీనికి వాడిన పనిముట్టు ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. కనుబొమలోంచి ఒక వెంట్రుక పీకి, పుల్లకొసకు అంటించారు! దానితో పురుగు తలవైపు మెల్లగా రాస్తే వెనక్కు పాకుతుంది. తోకవైపు రాస్తే ముందుకు పాకుతుంది. వేలు లక్షలు పోసి కొన్న సూక్ష్మదర్శిని పక్కన ఈనాటికీ ఆ కనుబొమ వెంట్రుక ఉంటుంది.

ఈ పురుగును ఎంచుకున్నవాడు సిడ్నీ బ్రెన్నర్. దక్షిణాఫ్రికాలో పుట్టి ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పనిచేశాడు. ఒక జంతువులో నాడులు ఎలా ఏర్పడతాయో, అవి నడవడికను ఎలా నడుపుతాయో మొదటినుంచి చివరిదాకా తెలుసుకోవాలంటే మనిషివంటి పెద్ద జంతువు పనికిరాదనీ, లెక్కకు అందే చిన్న జంతువు కావాలనీ 1963లో ఆయన ఆలోచించాడు. పదకొండేళ్ళు పనిచేసి 1974లో మొదటి పెద్ద వ్యాసం వెలువరించాడు. ఆయన వెంట వచ్చిన జాన్ సల్‌స్టన్ మరీ మొండివాడు. ఏడాదిన్నరపాటు రోజూ గంటల తరబడి సూక్ష్మదర్శిని ముందు కూచుని, గుడ్డులోని ఒక్క కణం రెండై, రెండు నాలుగై ఏ కణం ఎక్కడికి పోయి ఏమైందో రంగు కలాలతో గీసుకుంటూ పోయాడు. పెద్ద పురుగులో 959 దేహకణాలు ఉన్నట్లు తేలింది. వాటిలో 302 నాడీకణాలు. మగపురుగులను మినహాయిస్తే ప్రతి ఎలిగాన్స్‌లోనూ ఇదే లెక్క. మన తలలో నాడీకణాలు వేలకోట్లు ఉన్నాయి. వాటిని ఎవరు లెక్కపెట్టగలరు? బ్రెన్నర్, సల్‌స్టన్, రాబర్ట్ హార్విట్జ్‌లకు 2002లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఆ 302లో మెల్లని స్పర్శను గుర్తించేవి ఆరంటే ఆరే. ఈ సంగతి మార్టిన్ చాల్ఫీ, సల్‌స్టన్ కలిసి 1981లో ప్రకటించారు. ఈ ఆరు కణాలూ చర్మం కిందనే పొడుగాటి దారాల్లాగా పరుచుకుని ఉంటాయి. ఒక్కొక్కదానిలో రెండు మూడు ప్రత్యేకతలు ఉన్నాయి. కణానికి లోపల వెన్నుకర్రల్లా నిలిచే సన్నని గొట్టాలు మామూలుగా ఈ పురుగులో 11 పోగులతో అల్లి ఉంటాయి. ఈ ఆరు కణాలలో మాత్రం 15 పోగులతో లావుగా ఉంటాయి. కణం గోడలో మరొక ప్రోటీనుతో చేసిన చిన్న గుమ్మాలు ఉంటాయి. ఒంటికి ఏదైనా తగిలితే ఈ గుమ్మం తెరుచుకుంటుంది, సోడియం లోపలికి దూకుతుంది, "తాకారు!" అనే వార్త పక్క కణానికి అందుతుంది.

ఇక్కడ మీలో తెలివిగలవాళ్ళకు ఒక ప్రశ్న పుట్టాలి. పురుగులోని 959 కణాలూ ఒకే గుడ్డునుంచి వచ్చాయి. అన్నిటికీ సంక్రమించిన ఆస్తి ఒకటే. అలాంటప్పుడు ఈ ఆరు కణాలు మాత్రమే లావు గొట్టాలూ, గుమ్మాలూ ఎందుకు చేసుకున్నాయి? పేగులోని కణం ఎందుకు చేసుకోలేదు? ఒకే తల్లి పిల్లలలో ఒకడు కంసాలి, ఒకడు వడ్రంగి అయినట్లు కణాలు వేరువేరు వృత్తులలో ఎలా పడ్డాయి?

దీనికి ఒక బీరువాను ఊహించుకోండి. ప్రతి కణంలోనూ ఒకే రకం బీరువా ఉన్నది. అందులో ఇంచుమించు 20,000 సొరుగులు. ఒక్కొక్క సొరుగులో ఒక్కొక్క ప్రోటీను తయారుచేసే పద్ధతి రాసిన కాగితం. బీరువా పేరు డి. ఎన్. ఏ.; సొరుగు పేరు జన్యువు. ప్రతి సొరుగు ముందూ ఒక తాళం ఉన్నది. ఆ తాళానికి సరిపడే చెవి దూరితేనే సొరుగు తెరుచుకుంటుంది, కాగితానికి నకలు తీస్తారు, నకలు చూసి ప్రోటీను చేస్తారు. ఈ నకలు తీసే పనిని అనులేఖనం అంటారు. అంచేత తాళంచెవులకు మన పాఠ్యపుస్తకాలలో అనులేఖన కారకాలు అని పేరు. ఇంగ్లీషువారు ట్రాన్‌స్క్రిప్షన్ ఫాక్టర్లు అంటారు. ఈ చెవులు కూడా ప్రోటీనులే. డి. ఎన్. ఏ. మీద తమకు సరిపడే అక్షరాల వరుస కనబడితే అక్కడ అతుక్కుంటాయి. మన పేజీలో తాళంచెవి అనే అందాం. పరీక్షలో మాత్రం అలా రాయకండి, మార్కులు పోతాయి.

ఎలిగాన్స్‌కు ఇటువంటి తాళంచెవులు తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి. అందులో ఒకదాని కథ వినండి.

చాల్ఫీ కొన్ని పురుగుల జన్యువులను మందులతో చెడగొట్టి, వాటి సంతానంలో కనుబొమ వెంట్రుకతో రాసినా చలించని పురుగులను ఏరాడు. అవి చక్కగా పాకుతాయి, తింటాయి, గుడ్లు పెడతాయి. మెల్లగా తాకితే మాత్రం తెలియదు. అటువంటివాటిలో చెడిన జన్యువులకు మెక్ అనే ఇంటిపేరు పెట్టి 1, 2, 3 అని వరుసనంబర్లు వేశారు. వాటిలో చాలా వాటి సంగతి తేలికగానే అర్థమయింది. మెక్-4 చెడితే గుమ్మం లేదు. మెక్-7 చెడితే లావు గొట్టాలు లేవు. ఒక్కొక్కటి చెడితే ఒక్కొక్క వస్తువు లోపించింది. కాని మెక్-3 చెడిన పురుగును చూస్తే విచిత్రంగా ఉన్నది. ఆరు కణాలూ ఉన్నాయి, తమ చోటుననే ఉన్నాయి. కాని గుమ్మాలూ లేవు, లావు గొట్టాలూ లేవు, కొన్నిటికి పొడుగాటి దారమూ సరిగా రాలేదు. ఒక వస్తువు పోవటం కాదు, మొత్తం వృత్తే పోయింది! బడికి రోజూ వచ్చే మాస్టారు ఒకనాడు సుద్దముక్క మరిచిపోవటం ఒకటి, తాను మాస్టారునన్న సంగతే మరిచిపోవటం ఒకటి. మెక్-3 చెడిన కణం రెండో రకం.

కారణం 1988లో తెలిసింది. మెక్-3 ఇటుకలాంటి వస్తువు కాదు, అదొక తాళంచెవి. గుమ్మం చేసే సొరుగుకూ, గొట్టం చేసే సొరుగుకూ, ఇంకా స్పర్శకు కావలసిన అనేక సొరుగులకూ ముందున్న తాళాలు ఒకే అచ్చులో పోసినవి. ఒక్క చెవితో అన్నీ తెరుచుకుంటాయి. మన ఊళ్ళో బియ్యంమిల్లు యజమాని పది గదులకూ ఒకే నమూనా తాళాలు కొని, ఒకే చెవి మొలతాడుకు కట్టుకున్నట్లన్నమాట. అతనికి సౌకర్యమే. కాని ఆ చెవి పోయిందా, పది గదులూ మూతబడినట్లే.

సరే, మెక్-3 అనే తాళంచెవి ఎక్కడినుంచి వచ్చింది? అది కూడా అదే బీరువాలో ఒక సొరుగులోనే ఉన్నది! ఆ సొరుగును తెరిచే మరొక చెవి పేరు అంక్-86. ఈ రెండూ కలిస్తే ఒక చమత్కారం జరుగుతుంది. మొదట అంక్-86 వెళ్ళి మెక్-3 సొరుగును తెరుస్తుంది. మెక్-3 తయారుకాగానే అంక్-86తో చెయ్యి కలుపుతుంది. జంటగా పోయి గుమ్మాల సొరుగులూ, గొట్టాల సొరుగులూ తెరుస్తాయి. అంతటితో ఊరుకోక, తిరిగి వచ్చి మెక్-3 సొరుగునే మళ్ళీ తెరిచి, తెరిచే ఉంచుతాయి. అంటే ఒకసారి స్పర్శకణమైనది తన చెవిని తానే మళ్ళీ మళ్ళీ పోత పోసుకుంటూ బతికినన్నాళ్ళూ స్పర్శకణంగానే ఉంటుంది. ఈ జంట డి. ఎన్. ఏ. మీద ఎలా కలిసి అతుక్కుంటాయో 1993లో నిరూపించారు.

మరి అంక్-86ను ఎవరు తెరిచారు? దానికి ముందు మరొక చెవి. దానికి ముందు ఇంకొకటి. ఇలా వెనక్కు పోతే గుడ్డు దగ్గరికి వస్తాం. అక్కడ తల్లి ముందుగానే కొన్ని చెవులూ, కొన్ని నకళ్ళూ తయారుచేసి గుడ్డులో పెట్టి పంపుతుంది. ప్రయాణమయ్యే పిల్లవాడికి అమ్మ కట్టి ఇచ్చిన చద్దిమూట వంటిది. గుడ్డు రెండుగా చీలేటప్పుడు ఆ మూట సమానంగా పంచబడదు. ఒక కణానికి కొన్ని వస్తువులు, రెండో కణానికి కొన్ని. అక్కడే అన్నదమ్ముల దారులు వేరవుతాయి.

అంక్-86 చెడితే ఏమవుతుందో వింటే ఆశ్చర్యం కలుగుతుంది. మామూలుగా ఒక కణం చీలితే కూతురు కణం తల్లికంటే వేరు పని చేస్తుంది. అంక్-86 లేని పురుగులో కొన్ని వంశాలలో కూతురు కణం వేరు పని చెయ్యటం మాని, తల్లి చేసినట్లే మళ్ళీ చీలుతుంది. దాని కూతురూ అంతే. ముందు పాఠంలోకి పోకుండా మొదటి పాఠమే వల్లెవేస్తున్న విద్యార్థిలాగా! అందువల్ల రావలసిన నాడీకణం రానే రాదు; అక్కరలేని కణాలు ఎక్కువవుతాయి.

మీలో ఎవరైనా అడగవచ్చు: మెక్-3 చెవి ఉన్న ప్రతి కణమూ స్పర్శకణమేనా, అని. మంచి ప్రశ్న. మెక్-3 ఆరు కణాలలోనే కాదు, మొత్తం పది కణాలలో ఉన్నది. మిగిలిన నాలుగు కణాలు మెల్లని స్పర్శను పట్టించుకోవు. గట్టిగా పొడిస్తేనే పలుకుతాయి. చెవి ఉండి సొరుగులు ఎందుకు తెరుచుకోలేదు? తలలో ఉన్న రెండు కణాల సంగతి తెలిసింది. అక్కడ మరి రెండు తాళంచెవులు ఉన్నాయి. అవి తెరిచేవి కావు, తలుపుకు అడ్డగడియ వేసేవి. వాటిని తొలగిస్తే ఆ తలలోని కణాలు కూడా మెల్లని స్పర్శ గుర్తించే కణాలకు ఉండే లక్షణాలు తెచ్చుకుంటాయని 2001లో చూశారు. అంటే ఒక కణం ఫలానాది కావటానికి తెరిచే చెవులే కాక, వెయ్యవలసిన గడియలు కూడా కావాలి.

ఈ పనిలోనే చాల్ఫీకి నోబెల్ బహుమానం తెచ్చిన యుక్తి ఒకటి పుట్టింది. సముద్రంలో ఒక రకం జెల్లీచేపలో పచ్చగా వెలిగే ప్రోటీను ఉన్నదని ఒసాము షిమోమురా 1962లో కనిపెట్టాడు. ఆ వెలుగు ప్రోటీను కాగితం తీసుకుని, దాని ముందు మెక్-7 సొరుగు తాళం బిగించి పురుగులో పెడితే ఏమవుతుంది? మెక్-3, అంక్-86 చెవులు ఉన్న కణంలో మాత్రమే ఆ తాళం తెరుచుకుంటుంది. ఆ కణం మాత్రమే పచ్చగా వెలుగుతుంది! చాల్ఫీ 1994లో అలాగే చేశాడు. పారదర్శకమైన పురుగు ఒంట్లో స్పర్శకణాలు దీపావళి మతాబాల్లా వెలిగాయి. పురుగును కొయ్యనక్కరలేదు, చంపనక్కరలేదు. ఇవాళ ప్రపంచంలో వేలకొలది ప్రయోగశాలలలో ఈ యుక్తి వాడుతున్నారు. షిమోమురా, చాల్ఫీ, రోజర్ చెన్‌లకు 2008లో నోబెల్ వచ్చింది.

స్పర్శ ఒక్కటే కాదు, నడకలోనూ ఇదే తంతు. బ్రెన్నర్ తన పురుగులలో నడక చెడినవాటిని ఏరి అంక్ అని పేరు పెట్టాడు. అంక్-86 కూడా ఆ కోవలోదే. వాటిలో రెండు నాకు చాలా ఇష్టం. అంక్-30 చెడిన పురుగును తాకితే వెనక్కు పోకుండా బిర్రబిగుసుకుని పొట్టిదైపోతుంది. ఎందుకంటే, పురుగు వంగాలంటే ఒక పక్క కండరం బిగిసినప్పుడు రెండో పక్క కండరం సడలాలి. సడలించే వార్త పంపే నాడీకణాలు 19 ఉన్నాయి. వాటికి ఆ వార్త తయారుచేసే సొరుగూ, దాన్ని మోసుకుపోయే సంచి సొరుగూ రెండూ అంక్-30 చెవితోనే తెరుచుకుంటాయి. చెవి లేదు గనక సడలమనే వార్త లేదు. రెండు పక్కలా ఒక్కసారే బిగుసుకుంటాయి. ఇక అంక్-4 చెడిన పురుగు ముందుకు బాగానే పోతుంది, వెనక్కు పోలేదు. నాడీకణాలు ఉన్నాయి, కండరాలు ఉన్నాయి. కాని కొన్ని కణాలు పుచ్చుకోవలసిన చోట కాక వేరొక చోటినుంచి ఆజ్ఞలు పుచ్చుకుంటున్నాయి. తీగలు తప్పు స్తంభానికి కలిపినట్లు. తాళంచెవి పనిముట్లనే కాదు, ఎవరితో చుట్టరికం కలుపుకోవాలో కూడా నిర్ణయిస్తుందని దీనివల్ల తెలిసింది.

పురుగుకు ఉప్పు రుచి కూడా తెలుసు. తలలో ఎడమపక్క ఒకటి, కుడిపక్క ఒకటి రెండు రుచికణాలు ఉన్నాయి. ఉప్పులో సోడియం, క్లోరైడు అని రెండు భాగాలు ఉంటాయని పెద్ద తరగతులవారు చదువుకున్నారు. ఎడమ కణం ముఖ్యంగా సోడియం రుచి చూస్తుంది. కుడి కణం క్లోరైడు రుచి చూస్తుంది! ఈ రెండు కణాలకూ పెద్ద తాళంచెవి ఒకటే. దాని పేరు చె-1. ఎడమకూ కుడికీ ఆ తేడా తెచ్చేది ఎడమ కణంలో మాత్రమే తయారయ్యే చిన్న ఆర్. ఎన్. ఏ. తునక అని 2003లో తేలింది. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఓలివర్ హోబర్ట్ బృందం ఈ పని చేసింది.

చె-1తో అదే బృందం 2011లో చేసిన పరీక్ష నాకు చందమామ కథలాగే తోస్తుంది. పురుగు గర్భంలో గుడ్లు కావలసిన కణాలు ఉంటాయి గదా. వాటిలో చె-1 తాళంచెవిని బలవంతాన తయారుచేయించారు. ఏమీ జరగలేదు. ఆ కణాలలో బీరువాకు దుప్పటి కప్పి, తాళ్ళతో బిగించి కట్టినట్లు ఉంటుంది. చెవి ఉన్నా తాళం దాకా పోదు. అప్పుడు ఆ కట్టు బిగించే ప్రోటీనులలో ఒకదాన్ని తీసివేసి మళ్ళీ చెవి ఇచ్చారు. గుడ్డు కావలసిన కణాలు రుచికణాల వాలకంలోకి మారి, నాడీకణానికి ఉండే దారాలు సాచాయి! ఒక్క చెవి, ఒక్క కట్టు ఊడటం. అంతే తేడా. దెబ్బతిన్న నాడులు తిరిగి మొలవని మనుషులకు ఏనాటికైనా ఇతర కణాలనుంచి నాడీకణాలు చెయ్యవచ్చునా అని ఆలోచించేవారందరూ ఇటువంటి పరీక్షలను శ్రద్ధగా చదువుతారు.

"పురుగు సంగతి మనకెందుకు మాస్టారూ?" అని తండ్రులు అడుగుతారు. నేను పాఠం చెప్పే రోజులలోనూ అడిగేవారు. అంక్-86ను పోలిన తాళంచెవులు మనిషిలో కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి లోపలిచెవిలో పనిచేస్తుంది. లోపలిచెవిలో సన్నని వెంట్రుకలవంటి మొనలున్న కణాలు ఉంటాయి. శబ్దం వచ్చినప్పుడు ఆ మొనలు కదులుతాయి, గుమ్మాలు తెరుచుకుంటాయి, మనకు వినబడుతుంది. తరచి చూస్తే వినటం కూడా ఒక రకం స్పర్శే. ఇజ్రాయెల్‌లో ఒక కుటుంబంలో తరతరాలుగా చెవుడు వస్తున్నది. కారణం ఈ తాళంచెవి జన్యువులో ఎనిమిది అక్షరాలు లోపించటమని 1998లో కనిపెట్టారు. ఆ కుటుంబంలోని పిల్లలకు చిన్నప్పుడు బాగానే వినబడుతుంది. 18, 30 ఏళ్ళ మధ్య మొదలుపెట్టి క్రమంగా వినికిడి తగ్గిపోతుంది. పురుగులో స్పర్శకణం తన చెవిని బతికినన్నాళ్ళూ తయారుచేసుకుంటూ ఉండాలని చెప్పాను గదా. మనిషి లోపలిచెవిలోని కణాలకు కూడా ఈ తాళంచెవి పుట్టేటప్పుడే కాక, పుట్టిన తరువాత కూడా కావలసి ఉన్నది. కనుబొమ వెంట్రుకతో పురుగును రాసేవాడు తాను మనిషి చెవుడుకు కారణం వెతుకుతున్నానని అనుకుని ఉండడు.

ఇంకొక కారణం మనకు మరీ దగ్గరిది. మనుషులకూ పశువులకూ ఇచ్చే పురుగుల మందులలో చాలా వాటి దెబ్బ పురుగు నాడులమీదనో, కండరాలమీదనో పడుతుంది. ఆ మందులు ఎక్కడ తగులుతున్నాయో ఎలిగాన్స్‌లోనే బాగా తెలిసింది. పురుగులమీద యుద్ధం అనగానే మన భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోవాలి. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో పనిచేసినవారు బోదకాలు తెచ్చే పురుగుమీద పనిచేసే హెట్రజాన్ అనే మందును 1947లో వెలువరించారు. ఆ మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. మన పల్లెల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డి. ఇ. సి. మాత్ర అదే. కాలు ఏనుగుకాలై, పెళ్ళికాని ఆడపిల్లలు గడప దాటటానికి సిగ్గుపడి ఏడ్చిన ఇళ్ళు నేను ఎరుగుదును. అందుకని ఆ మాత్ర పేరు చెప్పుకోకుండా నులిపురుగు కథ ముగించలేను.

ఎలిగాన్స్ నాడులమీద పనిచేసేవారిలో ఇప్పుడు శ్రీకాంత్ చలసాని ఒకరు. ఆ ఇంటిపేరు మన వైపు వారికి కొత్త కాదు. కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో ఆయన ప్రయోగశాల ఉన్నది. వాసన తగిలినప్పుడు, వాసన పోయినప్పుడు పురుగు నాడీకణాలు ఎలా మాట్లాడుకుంటాయో 2007లో చూపిన వ్యాసంలో ఆయన పేరు మొదటిది. మన చెవికి వినబడని ధ్వనితో పురుగులో కొన్ని నాడీకణాలను పలికించవచ్చునని 2015లో ఆయన బృందం చూపింది. హైదరాబాదులో 1977లో స్థాపించిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో కూడా తాళంచెవుల పని జరిగింది. అక్కడ ఎల్. ఎస్. శశిధర బృందం ఎంచుకున్నది పురుగు కాదు, పళ్ళమీద వాలే బుల్లి ఈగ. ఈగకు రెండు రెక్కలే ఉంటాయి. వెనకజత రెక్కల చోట రెండు చిన్న గుండ్లవంటివి ఉంటాయి. రెక్క కావలసినదాన్ని గుండుగా మార్చే తాళంచెవి ఎలా పనిచేస్తుందన్నది వారి ప్రశ్న. ఆ చెవీ, పురుగులోని అంక్-86, మెక్-3, అంక్-30, అంక్-4లూ అన్నీ హోమియోబాక్స్ అనే ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి.

ఆ కుటుంబంలో ఎలిగాన్స్‌కు నూటికి కాస్త పైగా చెవులు ఉన్నాయి. 302 నాడీకణాలను పనినిబట్టి 118 తరగతులుగా విభజించారు. ఏ తరగతిలో ఏయే హోమియోబాక్స్ చెవులు ఉన్నాయో 2020లో హోబర్ట్ బృందం పూర్తిగా పట్టీ వేసింది. ఏ రెండు తరగతుల గుత్తీ ఒకటి కాదు! గుత్తి చూసి ఇది ఫలానా నాడీకణమని చెప్పవచ్చు.

ఇక ఈ నెల చేసి చూడవలసిన పని. ఎలిగాన్స్ దొరకకపోవచ్చుగాని దాని చుట్టాలు పెరటిలో బోలెడు ఉంటాయి. అరటిచెట్టు మొదట్లోనో, పాదులోనో తడిమట్టి గుప్పెడు తీసుకోండి. మురికికాలవ పక్కదీ, జనం దొడ్డికి కూచునే చోటుదీ వద్దు. అక్కడ హాని చేసే పురుగుల గుడ్లు ఉంటాయి, కొంకిపురుగు వట్టికాళ్ళలోంచి కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. పాత జల్లెడ ఒకటి అడిగి తీసుకోండి. వంటింట్లో వాడేది ముట్టుకుంటే అమ్మ ఊరుకోదు. అందులో పలచని గుడ్డ పరిచి, మట్టి పలచగా పొయ్యండి. లోతు తక్కువ పళ్ళెంలో నీళ్ళు పోసి, మట్టి అడుగు తడిసేటట్లు జల్లెడను అందులో ఉంచండి. ఒక రాత్రి కదపకండి. మట్టిలోని పురుగులు గుడ్డ సందుల్లోంచి నీళ్ళలోకి జారుతాయి. పొద్దున్నే జల్లెడ మెల్లగా ఎత్తి, పళ్ళెం అడుగునుంచి కాసిని నీళ్ళు గాజుగిన్నెలోకి తీసి, కింద నల్లకాగితం పెట్టి, పక్కనుంచి దీపం వేసి భూతద్దంతో చూడండి. సన్నని తెల్లదారం ముక్కలు పాములా మెలికలు తిరుగుతూ కనబడతాయి. అయిపోయాక నీళ్ళు మళ్ళీ ఆ చెట్టు మొదట్లోనే పొయ్యండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఎన్ని పురుగులు కనిపించాయో, ఏ చెట్టు కింద ఎక్కువ ఉన్నాయో నోటుపుస్తకంలో తారీఖు వేసి రాసుకోండి.